రూతమ్మ వెళ్ళని ఊరు

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంట్లో రూతమ్మ పనికి చేరి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో అయిదేళ్ళ కవలపిల్లలు పుట్టినప్పటి నుంచీ ఆమె చేతుల్లోనే పెరిగారు. ఆమె లేకపోతే వాళ్ళను అదుపు చేయడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి మామాకు తెలుసు; అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు అలాగే పిలుస్తారు. రూతమ్మకు ఇంకా బాగా తెలుసు.

పోయిన ఏడు రాజోలులో రూతమ్మ అక్క సువార్తమ్మ కామెర్లు ముదిరి కన్నుమూసింది. తల్లి పోయాక రూతమ్మను పెంచింది ఆ అక్కే. కబురు వినగానే రూతమ్మ మామా కాళ్ళ దగ్గర కూర్చుని, బీరువాలో పెట్టి తాళం వేసిన తన పాస్‌పోర్టు ఇమ్మని బతిమాలింది. నాలుగు రోజుల్లో తిరిగొస్తానంది.

మామా ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఖలాస్, పోయింది కదా. నువ్వెళ్తే లేచొస్తుందా? పిల్లలకి స్నానం చేయించు."

రూతమ్మ చేయించింది. అక్క శవపెట్టె మీద మట్టి పడటం వంటగదిలో నిలబడి వీడియోలో చూసింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరినీ ఏదీ అడగలేదు. కాచుకుని కూర్చుంది.

ఈ ఏడు మామాకు కరీబియన్ సముద్రంలోని విల్లెమ్‌స్టాడ్ చూడాలని బుద్ధి పుట్టింది. ఎప్పుడో డచ్చివాళ్ళు కట్టిన రేవు పట్నం. తెల్లగోడల మెరుపుకు గవర్నరుకు తలనొప్పి వస్తోందని ఇళ్ళన్నిటికీ రంగులు వేయించారని కథ. ఓడల్లో బానిసలను తెచ్చి దింపిన రేవు కూడా అదే. మామా భర్త టర్కీ చాలన్నాడు. రూతమ్మ పనిగట్టుకుని ఆ రంగుల ఇళ్ళ బొమ్మలు పిల్లలకు రోజూ చూపించింది. వారం తిరిగేసరికి ఇద్దరూ ఆ ఊరే కావాలని మంకుపట్టు పట్టారు. విమానం, హోటలు అన్నీ కుదిరాయి. పిల్లలను చూసుకోవడానికి రూతమ్మా వెళ్ళాలి.

"నీ అదృష్టం. మీ వాళ్ళెవరైనా చూశారా అలాంటి చోటు?" అంది మామా.

"లేదు మామా."

ఆ ఊరికి వీసా ఇచ్చే ఆఫీసులో పనిమనుషులను విడిగా పిలిచి మాట్లాడతారని రూతమ్మకు ముందే చెప్పింది, ఆమె వెళ్ళే చర్చికే వచ్చే నర్సు హెలెన్. ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక రూతమ్మ తన ఆలోచన ఆమె చెవిన వేసింది.

హెలెన్ భయపడింది. "పగ తీర్చడం దేవుడి పనండీ రూతక్కా. పాస్టరు గారూ క్షమించెయ్యమనే అంటారు."

"పాస్టరు గారి అక్క బతికే ఉంది కదమ్మా," అంది రూతమ్మ.

వీసా ఆఫీసులో అధికారి మామాను బయటే కూర్చోమని రూతమ్మను లోపలికి పిలిచాడు. ఇష్టపడే వెళ్తున్నావా అని హిందీలో అడిగాడు.

"లేదు సార్. నా పాస్‌పోర్టు నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. మా అక్క చచ్చిపోయినా ఇవ్వలేదు."

ఆయన రాసుకున్నాడు. ఇష్టం లేని మనిషికి వీసా ఇవ్వడం కుదరదన్నాడు. పాస్‌పోర్టు ఆమె చేతికే ఇచ్చాడు. రూతమ్మ దాన్ని జాకెట్టులో దోపుకుంది.

కారులో సంగతి విని మామా మొహం పాలిపోయింది. "నువ్వు లేకుండా వీళ్ళతో అంత దూరం నేనెలా వెళ్తాను?"

"అది తెలిసే చెప్పాను మామా. మీరు ప్రయాణం పెట్టుకున్న ఆ పది రోజులూ నాకు సెలవు కావాలి."

రూతమ్మ ఇఖామా, అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రద్దు చేయిస్తానని మామా మండిపడింది. పిల్లలు ఇంకెవరి మాట వింటారని భర్తే సర్దిచెప్పాడు. విల్లెమ్‌స్టాడ్ ప్రయాణం ఆగిపోయింది. రూతమ్మ ఊరెళ్ళింది.

మూడో రోజు మధ్యాహ్నం రాజోలులో మేనకోడలి ఇంట్లో రొయ్యలు ఒలుస్తుంటే మామా ఫోను చేసింది. "ఏం పెట్టినా ఉమ్మేస్తున్నారు. అన్నంలో ఏం కలుపుతావు నువ్వు?"

వెనక కవలల్లో చిన్నది వెక్కివెక్కి ఏడుస్తోంది, రూతమ్మను పేరు పెట్టి పిలుస్తూ.

"మీరే కనుక్కోండి మామా," అని ఫోను పెట్టేసింది.

అది మళ్ళీ మోగింది. రూతమ్మ చెయ్యి ఫోను దాకా వెళ్ళింది. అయినా ఎత్తలేదు.