పెదబాపు నికెల్ తుపాకి

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నాలయ్యాక మా పెద్దమ్మ వాకిట్లో గోనెసంచి పరుచుకుని, ఒళ్ళో తుపాకి పెట్టుకుని తోముతూ కూర్చునేది. మెత్తటి బూడిద, చింతపండు, ఆఖరున నూనెగుడ్డ... దాని కొనకు బిగించిన పొడవాటి కత్తిని పెదబాపు ‘సంగీన్’ అనేవాడు. తుపాకికీ కత్తికీ నికెల్ పూత. ఎండ పడితే కళ్ళు చెదిరేవి.

పెదబాపు అంటే మా నాయనకు అన్న. మానుకోట దగ్గర మా ఊరికి పటేలు. ఆ తుపాకి నిజాం ఫౌజు తనకిచ్చిన బహుమానమని, దాంతో ఎందరినో పడగొట్టానని చెప్పుకునేవాడు. జీవితంలో ఆయన మోసిన బరువు అదొక్కటే...

పంద్రాగస్టుకు దాన్ని భుజాన వేసుకుని బడికొచ్చేవాడు. జెండా పక్కన పొట్ట లోపలికి పీల్చి నిలబడితే, మేమంతా సెల్యూట్ కొట్టాలి. మిగతా రోజుల్లో అది పెద్దర్రలో, అంటే పెద్దగదిలో, గోడ మీద ఉండేది. పాలేర్లు దాని ముందు చెప్పులు విడిచి, తల వంచుకుని పోవాలి. ఎవరైనా కూలి పెంచమంటే ఆయన గోడ వైపు ఒకసారి చూసేవాడు. వచ్చినవాళ్ళు గమ్మున లేచి పోయేవాళ్ళు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం పిల్లలంతా కాలేజీలు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. మా మేనత్త కొడుకు సుదర్శన్ బావ అప్పుడు జనగామలో చదువుతున్నాడు. ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిని, ఎడమ చెయ్యి వాచిపోయి, పొద్దున్నే రైలు దిగి మా ఇంటికి వచ్చాడు. పోలీసులు వెతుకుతున్నారని చెప్పాడు.

పెదబాపు మీసం దువ్వుకుని, “నా ఇంట్ల ఉన్నంక నిన్ను ఎవడు ముట్టుకుంటడో నేను చూస్త” అన్నాడు. పెద్దమ్మ మాత్రం వడ్ల గరిసె వెనక చాప పరిచి, బావ చేతికి పసుపు పట్టు వేసింది.

రెండు రోజులకే జీపు వచ్చింది.

ఎస్సై లోపలికి అడుగుపెట్టగానే అతని కళ్ళు గోడ మీద పడ్డాయి. లైసెన్సు ఉందా అని అడిగాడు, అంతే. ఇంకా బావ పేరైనా ఎత్తలేదు. మా పెదబాపు తలకు చుట్టుకున్న రుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన బట్టతల ఊరు చూడటం అదే మొదటిసారి అనుకుంటా.

“గా తుపాకి పేలదు సార్. పరేడుల పట్టుకునేటందుకు చేసింది. లోపట ఏం లేదు, ఉత్త మెరుపే. జుమ్మెరాత్ బజార్ల పాతసామాన్ల కొనుక్కొచ్చిన” అన్నాడు.

వాకిట్లో పాలేర్లంతా ఉన్నారు. అందరూ విన్నారు.

ఎస్సై నవ్వలేదు కూడా. జనగామ నుంచి వచ్చిన పిల్లగాడు ఎక్కడని అడిగాడు. పెదబాపు క్షణం ఆలస్యం చెయ్యలేదు. గరిసె వైపు చెయ్యి చూపించి, “నాకేం తెల్వద్సార్... ఆడోళ్ళు దాచిండ్రు” అన్నాడు.

అప్పుడు పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఎస్సై వైపు చూడలేదు. మొగుడి వైపే చూసి, మెల్లగా అంది...

“అవు, నేనే దాచిన. వాడు నీ తోడబుట్టిన చెల్లె కొడుకు.”

బావను జీపెక్కించుకుని పోయారు. పెద్దమ్మ జొన్నరొట్టెలు మూట కట్టుకుని, బండి కట్టించుకుని వెనకే మానుకోటకు పోయింది. ఠాణా ముందు వేపచెట్టు కింద కూర్చుంది. రొట్టె వాడికి అందిందని జమేదారు చెప్పేదాకా లేవలేదట. ఆ తర్వాత బావను చూడటానికి జైలుకు కూడా పోయింది, మా నాయనను వెంటబెట్టుకుని. కొన్ని వారాలకు బావను విడిచిపెట్టారు. చేతిలో విరిగిన ఎముక మాత్రం సరిగా అతకలేదు. తర్వాత డోర్నకల్‌లో మాస్టరుగా చేరాడు... మా ఊరి పొలిమేర మళ్ళీ తొక్కలేదు. పెద్దమ్మే రైలెక్కి చూసివచ్చేది.

ఆమె మళ్ళీ ఆ తుపాకిని ముట్టలేదు. పెదబాపు అడిగి చూశాడు, అరిచి చూశాడు, అలిగి అన్నం మానేశాడు. పెద్దమ్మ ఆ పూట ఆయన అన్నం పాలేరు పిల్లలకు పెట్టేసింది. వానాకాలం గడిచేసరికి నికెల్ పొట్టులా లేచి, కింద తుప్పు కనిపించింది. పాలేర్లు చెప్పులతోనే నడిచిపోయేవాళ్ళు, ఆయన చూడనట్టు కూర్చునేవాడు. అయినా పొరుగూరి చుట్టాలు వస్తే మళ్ళీ అదే కథ... అదే ఫౌజు... సిగ్గులేని మనిషి. ఎనభైల్లో పోయాడు, ఆ కథ చెప్పుకుంటూనే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే... పోయిన వారం ఆయన మనవడు ఆ తుపాకికి హైదరాబాదులో కొత్త పూత వేయించి, హాల్లో లైటు కింద పెట్టి ఫోటో పెట్టాడు. “మా తాత యుద్ధంలో వాడిన ఆయుధం” అట. వందల లైకులు, కింద సెల్యూట్ బొమ్మలు. నేను కామెంటులో ఉన్నమాట రాశాను. తీసేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా...

అప్పట్లో భయపడి దండం పెట్టేవాళ్ళు, పాపం. ఇప్పుడెవరూ భయపెట్టకుండానే పెడుతున్నారు.

ఆ ఫోటోలో కనిపించిన గోడలన్నీ వెతికాను. మా పెద్దమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. అసలు ఎవరూ తీసినట్టు లేరు... మీ ఇండ్లల్లో కూడా ఇట్లా గోడకెక్కని మనిషి ఒకరుంటారు. ఎవరో చెప్పండి... పేరుతో సహా.