స్ట్రెచరమ్మ పసుపు కారు

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండకి వీధి మొత్తం ఖాళీ అయిపోయింది. నీడ ఉన్న చోటల్లా ఒక కుక్కో, ఒక సైకిలో ఒరిగి పడుకుంది. తెల్లారకముందు నుంచీ గోదాములో ఫ్రిజ్ పెట్టెలు మోసిన హమాలీ మెట్లెక్కుతున్నాడు. కడుపులో ఎలుకలు పరుగెత్తడం ఎప్పుడో మానేశాయి, ఇప్పుడు ఒకదాన్నొకటి పీక్కుతింటున్నాయి. మూడో అంతస్తుకి చేరేసరికి అన్నం ఉడికిన వాసన ముక్కుకి తగిలింది. ప్రాణం లేచొచ్చింది.

తలుపు తీశాడు. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

అతని మంచం మీద, అతని ఫ్యాను కింద, అతని దిండుకి ఆనుకుని అత్తగారు కూర్చుంది. ఒక రిమోటు ఒళ్ళో పెట్టుకుని, రెండోది అతని వైపు చాపింది.

"రండి అల్లుడుగారూ. ఒక్క రేసు."

"అన్నం తిని కూర్చుంటానత్తయ్యా."

"తింటే మీకు నిద్రొస్తుంది. గిన్నె ఎక్కడికీ పోదులెండి, దానికి చక్రాల్లేవు."

గరిటె ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదే. హమాలీ చెప్పులు విప్పి, చెమట చొక్కాతోనే నేల మీద కూలబడ్డాడు. టీవీలో మూడు చుట్ల కార్ల రేసు. మొదటి చుట్టులో ముందున్నాడు. రెండో చుట్టులో గోడకి గుద్దుకున్నాడు. మూడో చుట్టులో సముద్రంలో పడ్డాడు.

"పాపం, ఈతకొట్టారు" అంది అత్తగారు లేస్తూ. "రండి, అన్నం పెడతాను."

ఆవిడ వాళ్ళింటికి వచ్చింది కూతురి కాలు కోసం. కూతురు మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా ఉంటానని ఒక చేతిసంచీతో దిగింది. కట్టు విప్పారు. కూతురు మళ్ళీ కుట్టుమిషన్ల కంపెనీకి పోతోంది. సంచీ మాత్రం మంచం కిందే ఉంది. ఆ మంచం హమాలీది. ఉన్న రెండు మంచాల్లో ఒకటి పెళ్ళానిది, రెండోది కిటికీ పక్కన, ఫ్యానుకి సరిగ్గా కింద. వచ్చిన రోజే "నా నడుం నేల మీద ఒప్పుకోదు" అని ఆవిడ దాని మీద వాలింది. పగలంతా బరువులు మోసే మనిషి నడుం నేల మీద ఒప్పుకుంటుందో లేదో ఎవరూ అడగలేదు. అత్తగారిని లెమ్మనడానికి నోరెలా వస్తుంది? నేల మీద చాప పరుచుకున్నాడు.

ఇక ఆ ఆటపెట్టె. గోదాముకి వచ్చిన సరుకులో మూల నలిగిన పెట్టె ఒకటి ఉంటే, వెనక్కి పంపడం దండగని సూపర్‌వైజరు చీట్లు వేయించాడు. జన్మలో ఏ చీటీ తగలని హమాలీకి అది తగిలింది. టీవీకి తగిలిస్తే కార్లు పరుగెత్తాయి. గెలిచినకొద్దీ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో ఆటలోనే ఉన్న షెడ్డులోకెళ్ళి కారుకి పెద్ద ఇంజను, వేగం పెంచే టర్బో, మంచి టైర్లు బిగించుకోవచ్చు. హమాలీ కనపడ్డ పార్టల్లా బిగించాడు. అతని ఎర్ర కారు ఎక్కించుకోని సామానంటూ లేదు.

"ఏంటా గోల?" అని అడిగిన అత్తగారికి మర్యాద కోసం రెండో రిమోటు ఇవ్వడమే అతను చేసిన తప్పు.

అత్తగారు ముప్పయ్యేళ్ళు పెద్దాసుపత్రిలో స్ట్రెచరు బళ్ళు తోసింది. అక్కడ అందరూ ఆవిణ్ణి స్ట్రెచరమ్మ అనే పిలిచేవాళ్ళు. ఒక చక్రం తిరగదు, ఇంకోటి వంకరగా తిరుగుతుంది, మీద ఒక మనిషి, ఆ మనిషి చేతికి సెలైను సీసా. అలాంటి బండిని ఇరుకు వరండాల్లో, చుట్టాల గుంపుల మధ్య మెత్తగా మలుపు తిప్పిన చెయ్యి అది. ఆటలో కూడా ఆవిడ ఎంచుకున్నది అన్నిట్లోకీ చిన్నది, పసుపురంగు డబ్బా కారు. దానికి ఒక్క పార్టూ బిగించలేదు.

"ఆ షెడ్డులోకెళ్ళి బిగించడాలూ విప్పడాలూ నాకు రావు" అనేది. "అయినా పార్టులతో గెలిస్తే పార్టులు గెలిచినట్టు. మనిషి గెలిచినట్టెలా అవుతుంది?"

మొదటి రేసులోనే అల్లుణ్ణి ఓడించింది. రెండోదీ అంతే. ఎప్పుడూ ఒకటే దారి, కొండెక్కి, సముద్రం దాకా మెలికలు తిరుగుతూ దిగే దారి. ప్రతి చుట్టు చివర్లో దీపస్తంభం పక్కన మోచెయ్యి మడిచినట్టు ఒక మలుపు ఉంటుంది. ఎర్ర కారు అక్కడికి విమానంలా వచ్చి, విమానంలాగే ఎగిరిపోయేది. వెనకాల పసుపు డబ్బా బడికెళ్ళే పిల్లలా బుద్ధిగా తిరిగి వెళ్ళిపోయేది.

"అల్లుడుగారూ, మీ ఇంజను పెద్దది. మీ బ్రేకు మరీ చిన్నది."

ఆవిడ "గారూ" అన్నకొద్దీ అతనికి ఒళ్ళు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"నేను గెలిస్తే ఏమిస్తారత్తయ్యా?"

"ఏం కావాలి?"

"నా మంచం."

కూతురు కూర తరుగుతూ నవ్వాపుకోలేకపోయింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "నన్ను ఓడించిన రోజు మంచం మీది. అందాకా చాప మీది" అంది.

ఆ రోజు నుంచి హమాలీకి అది ఆట కాదు, నడుం సంగతి.

గోదాములో ఫోర్క్‌లిఫ్టు అనే పెట్టెలెత్తే బండి నడిపే మిత్రుడికి గోడు వెళ్ళబోసుకున్నాడు. వాడికి ఈ ఆటల పిచ్చి ఉంది.

"ఒక్కడివే కంప్యూటరు నడిపే కార్ల మీద ఆడితే గెలుస్తున్నావా?" అడిగాడు వాడు.

"ఒక చేత్తో టీ తాగుతూ గెలుస్తున్నా. విసుగు పుడుతోంది."

"మరి అదే రోగం. నా ఫోర్క్‌లిఫ్టుకి లారీ ఇంజను పెడితే ఏమవుతుంది? గోడలోంచి బయటికొస్తాను. నీ చేతికి ఎంత ఇంజను ఆగుతుందో అంతే ఉంచు. మిగతాది పీకి పారెయ్."

"పీకితే కంప్యూటరు కార్లు కూడా నన్ను దాటేస్తాయిరా."

"దాటనీ. దాటితేనే కదా నువ్వు నేర్చుకునేది. ఎవడూ దాటకపోతే అది రేసెలా అవుతుంది, ఊరేగింపవుతుంది."

మనసొప్పలేదు గానీ హమాలీ ఆ సాయంత్రం షెడ్డు తెరిచి టర్బో పీకేశాడు. సొంత పన్ను పీక్కున్నట్టనిపించింది. మర్నాడు పెద్ద ఇంజను దించాడు. బదులుగా మంచి బ్రేకులు, మెత్తటి టైర్లు వేశాడు. ఎర్ర కారు బతికి చెడ్డ షావుకారులా తయారైంది. కంప్యూటరు కార్లు నిజంగానే దాటేశాయి. అయితే ఒకటి గమనించాడు. ఇప్పుడు టీ చల్లారిపోతోంది. గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఓడిపోతూ కూడా "ఇంకొక్కటి" అంటున్నాడు.

అత్తగారితో దూరం కూడా తగ్గుతూ వచ్చింది. ముందు కారు కనపడకుండా ఓడిపోయేవాడు, తర్వాత దాని వెనక దీపాలు చూస్తూ ఓడిపోయాడు. ఒకరోజు వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. ఆ రోజు అత్తగారు "గారూ" అనడం మర్చిపోయింది.

ఆ రోజుల్లోనే కూతురు ఒక మాట అంది. "ఏమయ్యా, నేను వచ్చేసరికి టీవీ కాలిపోతోంది. పగలంతా నడుస్తుందా ఏంటి?"

"నేను సీరియళ్ళు చూసుకుంటానే" అంది అత్తగారు ఠక్కున.

వెంట్రుకవాసిలో ఓడిన రోజు గురించి హమాలీ తెగ ఆలోచించాడు. ఆ రోజు ఏం జరిగింది? ఫోర్క్‌లిఫ్టువాడు సగం బన్ను ఇచ్చాడు, తిన్నాడు. అంతే! పెట్టెలు మోస్తూ మోస్తూ ఆగిపోయాడు. రేసు ముందు, అన్నం తర్వాత. ఆకలి మీదున్న మనిషి వేలు బ్రేకు మీద ఆగదు, ఎప్పుడు అయిపోతుందా అని ముందుకే తోస్తుంది. ఆవిడ గెలుస్తున్నది మలుపుల్లో కాదు, వంటింట్లో!

"అమ్మ స్ట్రెచరమ్మా" అన్నాడు పైకే.

మర్నాడు క్యాంటీన్లో కడుపు పగిలేలా తిన్నాడు. అన్నం మళ్ళీ వేయించుకున్నాడు. ఇంటి ముందు కుళాయి దగ్గర మూతి కడుక్కుని, పొట్ట లోపలికి పీల్చి, మొహం వేలాడేసుకుని మెట్లెక్కాడు.

"అత్తయ్యా, ఆకలి. చచ్చిపోతున్నాను."

"అయ్యో, ఒక్క రేసండీ" అంది ఆవిడ జాలిగా.

రేసు మొదలైంది. హమాలీ వేళ్ళు చెప్పినమాట వింటున్నాయి. మలుపు వచ్చే ముందే తగ్గిస్తున్నాడు, తిరిగాకే తొక్కుతున్నాడు. మూడో చుట్టులో ముందున్నాడు. కొండ దిగాక దీపస్తంభం దాకా దారి తిన్నగా ఉంటుంది. అక్కడ వెనక నుంచి పసుపు డబ్బా వచ్చింది. రావడమంటే మామూలుగా రాలేదు, రయ్యిమని అతన్ని దాటి ముందుకు పోయింది. హమాలీ గుడ్లు తేలేశాడు. అయిపోయింది, ఈ జన్మకి చాపే అనుకున్నాడు. అలవాటు కొద్దీ మలుపు ముందు బ్రేకు నొక్కాడు.

పసుపు డబ్బా ఆగలేదు. తిరగాల్సిన చోట తిరగలేదు. విమానంలా వెళ్ళి గోడని గుద్దుకుని, బోర్లాపడి, నాలుగు చక్రాలూ ఆకాశానికి చూపించింది. ఎర్ర కారు దాని పక్క నుంచి నింపాదిగా తిరిగి గీత దాటింది.

పసుపు కారు గోడకి తగలడం ఆ ఇంట్లో ఎవరూ చూసెరగరు.

చంకలు గుద్దుకోవాల్సిన హమాలీ ఆవిణ్ణే ఓదార్చాడు. "జారిందేమో అత్తయ్యా" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ. రిమోటు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కంచం నిండా అన్నం పెట్టుకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది హమాలీకి, తను ఆకలితో చచ్చిపోతున్న మనిషి! గొంతుదాకా ఉన్నదాని మీద ముద్ద తర్వాత ముద్ద తోశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకొంచెం వెయ్యనా?"

"వద్దత్తయ్యా."

"ఆకలన్నారుగా. తినండి" అంటూ మరో గరిటె వేసి, అతని మొహంలోకి అదోలా చూసింది. ఆ రాత్రికి మంచం ఊసు ఎవరూ ఎత్తలేదు. అతనే చాప పరుచుకున్నాడు. గెలిచినవాడికి తొందరేముంది?

మర్నాడు క్యాంటీన్ వైపు వెళ్ళలేదు. ఇంక దొంగతిండి అవసరమేంటి, ఇంట్లో దర్జాగా తిందామనుకున్నాడు. రెండింటికి నకనకలాడుతూ మెట్లెక్కాడు. తలుపుకి తాళం వేసుంది. తాళంచెవి ఎప్పుడూ ఉండే కిటికీ సందులోనే ఉంది.

మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది, మీద దిండు. కింద సంచీ లేదు. ఏ గిన్నె మీద ఏ మూత ఉందో చూద్దామని వంటింట్లోకి పోయాడు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. మీద అతని కంచం, అదీ బోర్లించే ఉంది. అందులో ఒక్క మెతుకు లేదు.

హమాలీ కంచం తిప్పి చూసి, మళ్ళీ బోర్లించాడు. తెలిసిపోయింది. తను తినొచ్చి ఆకలి నటించిన సంగతి ఆవిడకి నిన్ననే తెలిసిపోయింది.

ఆకలికి ఏం చెయ్యాలో తోచక టీవీ పెట్టాడు. షెడ్డు తెరిచాడు. తన ఎర్ర కారు పక్కనే పసుపు డబ్బా. ఊరికే దాని మీద నొక్కి చూశాడు. పెద్ద ఇంజను. టర్బో. అన్నిట్లోకీ ఖరీదైన టైర్లు. షెడ్డులో బిగించడం చేతకాని ఆవిడ, ఒక్క బోల్టు కూడా వదలకుండా బిగించేసింది. పగలల్లా టీవీ ఎందుకు కాలిందో ఇప్పుడర్థమైంది. అంత ఇంజను పెట్టుకోబట్టే గోడని గుద్దుకుందన్నమాట! హమాలీ నేల మీద పడి పొర్లి పొర్లి నవ్వాడు. ఖాళీ కడుపుతో నవ్వితే నొప్పెడుతుంది. అయినా నవ్వాడు.

నవ్వు ఆగాక లేచి కూర్చుని, పసుపు కారు నుంచి పార్టులు విప్పడం మొదలుపెట్టాడు. టర్బో తీశాడు. ఇంజను దించాడు. పాత సన్న టైర్లు వేశాడు. వచ్చిన రోజు ఎలా ఉందో అలా నిలబెట్టాడు.

పెళ్ళాం పని నుంచి వచ్చి మంచం చూసింది. "అమ్మేదీ? అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయిందా? ఒక్క మాటైనా చెప్పకుండా? నువ్వేమన్నావు?"

"నేనేమంటానే? నిన్న ఆటలో గెలిచానంతే."

"అమ్మ మీదా? ఆ డబ్బా కారు మీదా?" ఆమె రిమోటు లాక్కుని షెడ్డులోకి చూసింది. ఎర్ర కారు పక్కన పసుపు డబ్బా, ఏ పార్టూ లేకుండా బుద్ధిగా నిలబడి ఉంది. "దీని మీద గెలిచి మీసం మెలేస్తున్నావా? సిగ్గులేదూ!"

హమాలీ నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. ఆ రోజుకి కడుపులో పడింది అదొక్కటే.

"అవునే" అన్నాడు మంచం మీద నడుం వాలుస్తూ. "ఆ డబ్బా మీదే గెలిచాను. అన్నం పెట్టు."