కళ్ళు మూసుకోవడం నేర్చుకున్న రోజులు

నాకు అనుమానం ఎక్కువ. పాల ప్యాకెట్ మీద తేదీ చూశాక కూడా వాసన చూసి గానీ గిన్నెలో పోయను. బయటికి వెళ్ళేటప్పుడు తాళం మూడుసార్లు లాగి చూస్తాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. అనుమానం పెనుభూతమని నాకూ తెలుసు గానీ, ఆ భూతం నాకు చాలాసార్లు నిజమే చెప్పింది. అందుకని దాన్ని ఇంట్లోనే ఉండనిచ్చాను.

మాదాపూర్‌లో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒకరోజు టీమ్ లీడ్‌లం పద్నాలుగు మందికి హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. తీరిక లేనివాళ్ళ కోసం శ్రమలేని మంత్రధ్యానం, నాలుగు ఉదయాలు నేర్పిస్తారు, ఖర్చంతా కంపెనీదే. శుక్రవారం సాయంత్రాలు పెట్టే మిర్చి బజ్జీలను అనవసరమని ఆపేసిన కంపెనీ ఇది. బజ్జీలు పెట్టలేనివాళ్ళు ఉట్టి పుణ్యానికి మనశ్శాంతి పంచుతారా? పంచినా అందరికీ పంచాలి గానీ లీడ్‌లకే ఎందుకు? ఇదే మాట నా పక్క సీటావిడను అడిగాను.

ఆవిడ మా టీమ్‌లో టెస్టింగ్ చూసేది. ఆరేళ్ళుగా నా పక్కనే, నాకంటే పదేళ్ళు పెద్ద. సొంతూరు ఖమ్మం వైపు, ఉండేది హఫీజ్‌పేట్‌లో, రోజూ లోకల్ రైల్లో వచ్చేది. అంతా అయిపోయిందనుకున్న పనిలో రిలీజ్ ముందురోజు తప్పు పట్టుకుని మమ్మల్ని ఎన్నిసార్లు గట్టెక్కించిందో. మీటింగుల్లో నన్ను "మేడమ్" అనేది, భోజనాల దగ్గర "చెల్లె" అనేది. నేనెక్కడైనా "అక్కా" అనే పిలిచేదాన్ని. వాళ్ళు క్రైస్తవులు. డబ్బా మూత తీసే ముందు కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకునేది. ఆవిడ కళ్ళు తెరిచేదాకా నేనూ నా డబ్బా తెరవకుండా ఆగేదాన్ని. ఎవరూ ఆగమనలేదు, అలా అలవాటైంది.

"గంత సోచాయించకు చెల్లె," అంది నా అనుమానమంతా విని. "నేర్పుతమంటే నేర్చుకో. నీ మొకం జూడు, మూడు దినాల సంది నిద్రలేనట్టున్నది."

మూడు దినాలు కాదు, మూడు నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు. అందుకే వెళ్ళాను.

ఆఫీసు వెనక సందులో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నేర్పేది ఒక రిటైరైన పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు ముందునుంచీ గుబులే. తలా రెండు అరటిపళ్ళు, కాసిన్ని చామంతులు తెచ్చుకోమన్నారు. ఒక్కొక్కరినే లోపలి గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఒక మాట చెప్పి పంపించారు. ఆ మాట ఎవరికీ చెప్పకూడదట. నేను బయట గడియారం చూస్తూ కూర్చున్నాను. మనిషికి ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల్లో ఎవరికి ఏ మంత్రం తగునో ఈయనకెలా తెలుస్తుంది? అందరికీ ఒకటే చెబుతున్నారని నా లెక్క. లోపలినుంచి వచ్చిన పక్క టీమ్ లీడ్‌ని మెల్లగా అడిగి చూశాను. ఏటీఎం పిన్ అడిగినట్టు చూశాడు నన్ను.

నా వంతు వచ్చాక, "దీనికి అర్థమేంటండీ?" అన్నాను.

"అర్థంతో పనిలేదమ్మా. అర్థముంటే మనసు దాని వెంట పోతుంది."

"ఎన్నిసార్లు అనుకోవాలండీ?"

"లెక్క లేదు. మాట వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి. కొన్నాళ్ళకి మీరు పిలవకుండానే అదే వస్తుంది. ఇందులో కష్టపడకూడదు. ఈ చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళకి రాని విద్య అదొక్కటే," అని నవ్వారు.

అర్థం లేదు, లెక్క లేదు, పరీక్ష లేదు. ఇలాంటి సరుకు టెస్టింగ్‌కి వస్తే మా అక్క మొదటిరోజే వెనక్కి పంపేది.

ఆ మధ్యాహ్నం డబ్బాల దగ్గర అడగనే అడిగింది. "ఏం మంత్రం చెప్పిండు సారు?"

"చెప్పకూడదట అక్కా."

"గదేం మంత్రం? మా ప్రార్థనైతే పక్కింటోళ్లకు గూడ ఇనపడ్తది." తనే నవ్వింది. "నేను కండ్లు మూసుకున్నా నువ్వు డబ్బా ముట్టుకుంటే నాకు ఎరుకైతది, తెల్సా?"

మా ఇల్లు పుప్పాలగూడలో. పొద్దున ఆఫీసు క్యాబ్‌లో ఇరవై నిమిషాలు, సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇరవై నిమిషాలు, అదీ నా సాధన. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. మొదటివారం నేను కళ్ళు మూసుకుని అందరూ నన్నే చూస్తున్నారనుకున్నాను. మధ్యలో ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. ఎవరి ఫోన్లలో వాళ్ళుండేవాళ్ళు. రెండోవారం ఏం జరిగిందో తెలియదు, ఆ మాట మనసులో తిరుగుతూ తిరుగుతూ పలచబడిపోయింది. క్యాబ్ ఆగిందని డ్రైవరు చెబితే గానీ తెలియలేదు. ఆ రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయాను.

నెల తిరిగేసరికి మా ఆయన ఒకరోజు గుమ్మంలో ఆగి, "తాళం ఒక్కసారే లాగావు. ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఏ కష్టమూ పడకుండా ఇంత బాగుండటం నేనెరగను. ఎక్కడో ఏదో కోతపడుతోందని అనిపించేది. అలాగని మానలేదు, ఆ నిద్రకి ఆశపడ్డాను.

ఇంకో నెలకి మా పద్నాలుగు మందినీ మళ్ళీ పిలిచారు. టీముల్లో కొందరిని తీసేస్తున్నారు, ఆ మాట ఎవరి టీమ్‌లో వాళ్ళ లీడే చెప్పాలి. నా చేతికి వచ్చిన కాగితం మీద మా అక్క పేరుంది.

"అందుకేనా అండీ మాకు ధ్యానం నేర్పించింది?" అని హెచ్ఆర్ అమ్మాయిని మొహం మీదే అడిగాను.

"మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తారు మేడమ్. అది వెల్‌నెస్ ప్రోగ్రాం, ఇది వేరే," అని నవ్వింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం నేను. ఆ నవ్వులో మాత్రం నాకేమీ దొరకలేదు.

అభ్యంతరాలేమైనా ఉంటే మర్నాడు పొద్దుటికల్లా రాసి పంపమన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. ఒళ్ళు మండిపోతోంది. ఈ మంటలో రాస్తే నోటికొచ్చింది రాస్తానని, ముందు ఇరవై నిమిషాలు కూర్చుని లేచి రాద్దామనుకున్నాను. లేచేసరికి మంట లేదు. నాలుగు లైన్లు రాశాను, చక్కటి మర్యాదగా, దయచేసి పునరాలోచించగలరని. పాత నేనైతే ఆవిడ పట్టుకున్న తప్పులన్నీ వరుసగా పెట్టి, పైవాళ్ళ గది ముందు పొద్దుటినుంచి నిలబడేదాన్ని. మర్యాదగా రాసిన దానికి జవాబూ మర్యాదగానే వచ్చింది. కుదరదన్నారు.

బుధవారం పదకొండు గంటలకి చిన్న అద్దాల గదిలో కూర్చున్నాం, నేను, అక్క, హెచ్ఆర్ అమ్మాయి. చెప్పవలసిన నాలుగు వాక్యాలూ రాసిచ్చారు. చెప్పాను. గొంతు వణకలేదు, చేతులు చల్లబడలేదు. నాకే ఆశ్చర్యమేసింది. అక్క కాసేపు బల్ల వైపు చూసింది. తర్వాత తలెత్తి నాతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే లోపల ఆ మాట వచ్చింది. నేను పిలవలేదు. పెద్దాయన చెప్పినట్టే, అదే వచ్చింది. రావడంతో ఆవిడ పెదవులు కదలడం కనిపిస్తోంది గానీ మాటలు ఎక్కడో దూరంగా పోయాయి. హాయిగా ఉంది. ఇలా రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, కానీ హాయిగానే ఉంది. ఆవిడ చెప్పడం ఆపి నా వైపు చూసింది. నేను తలూపి, "తప్పకుండా అక్కా," అన్నాను.

ఆవిడ వెళ్ళాక హెచ్ఆర్ అమ్మాయి, "చాలా ప్రశాంతంగా చేశారు మేడమ్, మిగతావాళ్ళు ఏడ్చేశారు," అని మెచ్చుకుంది. నేను సీటుకి పోయి ఇంకో కాల్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే అక్క గేటు వైపు వెళుతోంది. భుజాన బ్యాగు, చేతిలో లంచ్ డబ్బా, అడుగు వెనకాల సెక్యూరిటీ గార్డు. టీ బండి దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూస్తున్నారు. పద్ధతి అంతే కదా అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, ఇల్లు చేరిన. లిఫ్ట్ కాడ మీ కోసం జర సేపు చూసిన. గార్డు తొందర చేసిండు. ఫికర్ చెయ్యకుండ్రి."

నా కోసం ఎందుకు చూసింది? మెసేజ్ నాలుగుసార్లు చదివాను. పొద్దున రావలసిన భయం అప్పుడొచ్చింది. ఫోన్ చేశాను.

"అక్కా, ఆ గదిలో మీరు నన్నేమడిగారు? నాకు వినపడలేదు."

వెనకాల కుక్కర్ కూత వినిపించింది.

"ఎదురుంగనే కూసున్నరు గద మేడమ్. తల గూడ ఊపిన్రు."

"నిజంగా వినపడలేదక్కా."

"గార్డు ఎంట వస్తే అందరు దొంగను జూసినట్టు జూస్తరు, గేటు దాంక మీరే నాతోని నడువుండ్రి అన్న. గంతే."

ఏడ్చాను, క్షమించమన్నాను. పర్వాలేదు మేడమ్ అంది. ఫోన్ పెట్టేసేదాకా ఒక్కసారి కూడా చెల్లె అనలేదు.

గేటు దాకా రెండు వందల అడుగులుంటాయేమో. ఉద్యోగం నిలబెట్టడం నా చేతిలో లేదని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆ నడక నా చేతిలోదే. అదంతా మంత్రం మీదకి నెట్టేద్దామని చాలా చూశాను. కానీ నా భూతం ఊరుకోదు. అంత సరిగ్గా ఆ నిమిషంలోనే ఆ మాట ఎందుకు వచ్చిందని అడుగుతుంది. అక్క ఏం చెబుతుందో వినాలని నాకే లేదేమో, ఆ మాట నాకు దొరికిన సాకేమో. పెద్దాయన్ని, కంపెనీని, హెచ్ఆర్ అమ్మాయి నవ్వునీ అనుమానించినదాన్ని, నన్ను నేను అనుమానించడం మర్చిపోయాను.

మర్నాడు భోజనాల వేళకి డబ్బా ముందు పెట్టుకుని, అలవాటు కొద్దీ మూత తీయకుండా ఆగాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎంతసేపు ఆగాలో తెలియలేదు.