పద్మనాభయ్య దిద్దిన తప్పు

రిటైరైనా పద్మనాభయ్య నెలకొకసారి మనుబోలులో బస్సెక్కి, గూడూరులో మారి, వాకాడు అవతల సముద్రం ఒడ్డునున్న చేపల పల్లెకు పోయి వస్తూనే ఉంటాడు. అక్కడ ఆయనకు చుట్టాలు లేరు. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్లు పాఠాలు చెప్పిన బడి మాత్రం ఉంది. అదీ ఇప్పుడు పెంకులు పోయి స్లాబు వేసుకుంది. అయినా బస్సు దిగి ఇసుకలో కాలు పెట్టి, ఉప్పుగాలి మొహానికి తగలగానే, ఇరవై నాలుగేళ్ల కుర్ర అయ్యవారు ఒకడు హాజరుపట్టీ చంకలో పెట్టుకుని, మొహం చిట్లించుకుని తన ముందే నడిచిపోతున్నట్టు ఉంటుంది ఆయనకు.

ఎనభై ఏడులో ఆ ఊరికి ఆర్డరు వచ్చినప్పుడు తల్లి ఆదిశేషమ్మ రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

"చేపలోళ్ల ఊళ్లో ఏం తింటావు రా? వాళ్లిండ్లల్లో మంచినీళ్లు కూడా తాగబాక," అని పదేపదే చెప్పి పంపింది.

చెప్పకపోయినా తాగేవాడు కాదు. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషే, చేపలు పట్టేవాళ్ల ఇంటి గడప మాత్రం రెండేళ్లు తొక్కలేదు. వాకాడులో గది తీసుకుని, క్యారియరు కట్టుకుని సైకిలు మీద వచ్చేవాడు. వరి పండించే ఇంట్లో పుట్టినవాడికి పని అంటే దుక్కి దున్నడం, నాటడం, కోయడం. తొమ్మిది గంటలకు బడికి వచ్చేసరికి మగవాళ్లు ఒడ్డున కూర్చుని తాపీగా వలలు బాగుచేసుకుంటుంటే సోమరిపోతులనుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి పడవలు నీళ్లలోకి దించింది వాళ్లేనని చూడటానికి ఆయన అక్కడ లేడు.

అన్నిటికన్నా చిరాకు తెప్పించింది వాళ్ల మాట. ఇళ్లల్లో సగం తెలుగు, సగం అరవం. మనుబోలులో అమ్మ మాట్లాడేది భాష, పాఠ్యపుస్తకంలో ఉన్నది ఇంకా మంచి భాష, ఇది మాత్రం ఏ భాషా కాదని ఆయన నమ్మకం. పిల్లల నోళ్లు కడగడానికే ప్రభుత్వం తనను పంపిందనుకునేవాడు.

అయిదో తరగతిలో ఆనందకుమారి అని ఒక పిల్ల ఉండేది. మాట తక్కువ, దస్తూరి ముత్యాలు. 'మా ఊరు' గురించి పది వాక్యాలు రాయమంటే ఆ పిల్ల ఇలా రాసింది: "కార్తీకంలో కొండల గాలి వస్తుంది. ఆ దినం మా నాయన పడవ దించడు."

పద్మనాభయ్య ఎర్ర సిరాతో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాడు. అంతటితో ఆగలేదు. పుస్తకం పైకెత్తి తరగతికంతా చదివి వినిపించాడు.

"సముద్రంలో కొండలు యాడుండాయి ఆనందకుమారీ? మీ నాయన మోసుకొచ్చి పెట్టినాడా?"

తరగతి గొల్లున నవ్వింది. ఆ మాటకు అర్థమేమిటో అక్కడున్న పిల్లలందరికీ తెలుసు. తెలిసీ నవ్వారు, అయ్యవారు నవ్వాడు కాబట్టి. ఆనందకుమారి కూడా కాస్త నవ్వడానికి ప్రయత్నించింది.

ఆ కార్తీకంలోనే పిల్లలను వాగు అవతలి ఇసుకతిప్ప మీదికి వనభోజనానికి తీసుకుపోదామనుకున్నాడు. పడవ కోసం ఆనందకుమారి తండ్రి నాగూరయ్యకు ముందే చెప్పి పెట్టాడు. తీరా ఆ రోజు పొద్దున పులిహోర గిన్నెలతో, ముప్పై మంది పిల్లలతో ఒడ్డుకు పోతే నాగూరయ్య పడవ దించలేదు.

"ఈ పొద్దు వద్దయ్యోరూ. కొండల్ పడింది."

ఆకాశం చూస్తే తేటగా ఉంది. తూర్పున నాలుగు మబ్బు తునకలు, అంతే. గాలి చల్లగా, హాయిగా ఉంది.

"పని ఎగ్గొట్టేదానికి మీకొక వంక కావల," అన్నాడు పద్మనాభయ్య. "నువ్వు కాకపోతే ఇంకొకరొస్తారు."

ఇంకొకరు రాలేదు. ఊళ్లో ఒక్క పడవా కదలలేదు. ఆయన కోపంతో పిల్లలను వెనక్కి తోలుకొచ్చి, పులిహోర బడి అరుగు మీదే పెట్టించి, మధ్యాహ్నం దాకా లెక్కలు చేయించాడు.

రెండింటికి హోరు మొదలైంది. ఆయన ఒడ్డుకు పోయి చూసేసరికి తిప్ప లేదు. పొద్దున పిల్లలను వరసగా కూర్చోబెడదామనుకున్న చోట నల్లటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి. అక్కడే పడవకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి నాగూరయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. పొద్దుటి మాట ఎత్తలేదు.

"కొండల్ అంటే ఏంది నాగూరయ్యా?" అని పద్మనాభయ్యే అడిగాడు.

"తూర్పు నించి మబ్బును తోలుకోని వచ్చే గాలయ్యోరూ. మొదట చల్లంగానే ఉంటది. లోపల నీళ్లను తిరగేస్తది. మా పెద్దోళ్లు చెప్పిన పేరు. మీ బుక్కులో ఏం పేరుండాదో మాకు తెలవదు."

మర్నాడు బడికి రాగానే ఆనందకుమారి కాపీ పుస్తకం అడిగాడు. కొట్టేసిన పేజీ లేదు. దాని చోట పొందిగ్గా రాసి ఉంది: "కార్తీక మాసమున తూర్పు గాలి వీచును."

"ముందు రాసింది ఏదమ్మా?"

"చించేసినా సార్. తప్పు గదా."

తప్పు ఆ పిల్లది కాదని, తనదని పిల్లలందరి ముందూ చెప్పాడు. ఆనందకుమారి బుద్ధిగా తలూపింది. కానీ ఆ తర్వాత ఆ పిల్ల రాతలో ఇంటి మాట ఒక్కటీ కనపడలేదు. వెతికి వెతికి చూసేవాడు. ఒక్క తప్పూ ఉండేది కాదు, సముద్రమూ ఉండేది కాదు.

మిగిలిన రెండేళ్లూ ఆయన జీవితంలో తీపి రోజులు. క్యారియరు మానేశాడు. నాగూరయ్య ఇంట్లో పీట వేసుకుని తినేవాడు. సాయంత్రాలు ఒడ్డున కూర్చుని గాలుల పేర్లు, అలల పేర్లు, చేపల పేర్లు అడిగి రాసుకునేవాడు. ఎండిన చేపల వాసన ఎప్పుడు కంపు కాకుండా పోయిందో గుర్తు లేదు. ఒకసారి ఆదిశేషమ్మ వచ్చి, కొడుకు ఆ ఇంట్లో అన్నం తినడం చూసి అలిగి, ఆ ఇంటి పులుసు రుచి చూసి, ఏమేం వేశారో అడిగి మరీ పోయింది.

తర్వాత బదిలీల మీద ఎన్ని ఊళ్లు తిరిగినా, కొత్త బడిలో మొదటి రోజు "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని పిల్లలను అడగనిదే పుస్తకం తెరవలేదు. అయ్యోరే పిలకాయల దగ్గర చదువుకుంటున్నాడని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆనందకుమారి అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లలతో ఉంది. ఆమె ఇప్పుడక్కడ టీచరు. ఆమె నాలుగేళ్ల మనవరాలు పలక మీద ఎండ్రకాయ బొమ్మ గీసి "నండు" అంది.

"నండు కాదు, పీత అనాల. అట్టా అంటే బళ్లో నవ్వుతారు," అంది ఆనందకుమారి.

వాకిట్లో నిలబడ్డ పద్మనాభయ్య లోపలికి అడుగు పెట్టాడు.

"నేను నవ్వినందుకేనా మా?"

ఆమె లేచి కుర్చీ వేసింది. "మీ మీద కోపం లేదయ్యోరూ. మీ బుక్కు మాటలు నేర్చుకున్నందుకే నాకీ పని వచ్చింది. మా నాయన మాటలకి ఎవురిస్తారు ఉద్యోగం?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

సాయంత్రం నాగూరయ్య దగ్గర కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి, చూపు ఆనదు. ఒడ్డు దగ్గర విరిగే అలను ఏమంటారని అడిగితే చాలాసేపు ఆలోచించాడు.

"నోట్లోనే ఉండాది, రావడంలేదు. నాతో పడవెక్కినోళ్లు ఒక్కరూ లేరు గదా, ఎవురితో అనేది?" అని చివరికి ఏదో ఒక మాట చెప్పాడు.

టీ గ్లాసులు తెచ్చిన ఆనందకుమారి ఆగింది. "అది కాదు నాయనా," అని ఇంకో మాట చెప్పింది. అమ్మ ఎప్పుడూ అదే అనేదంది. ముసలాయన ఒప్పుకోలేదు. ఆమె అక్కడే ఇసుకలో కూలబడి వాదనకు దిగింది, పూర్తిగా వాళ్ల ఇంటి భాషలో. మనవరాలు వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుని వింటోంది. పద్మనాభయ్యకు సగం మాటలు అందలేదు. ఆపి అర్థమడగబోయి, మానుకుని, టీ చల్లారిపోతున్నా అలాగే వింటూ కూర్చున్నాడు.