అన్‌లెస్ అంటే ఏంది

ఇరవై రెండేండ్ల సంది ఆర్మూర్‌ల సర్కారు బడి పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్న. కంజంక్షన్ల పాఠమంటే ఇప్పటికీ నాకు నీరసమే. తెలుగుల 'వచ్చి, తిని, పోయిండు' అంటే సరిపోతది. ఇంగ్లీషుల ప్రతి అతుకుకూ ఒక మాట కావాలె. 'ఆల్దో' రాసిన వాక్యంలనే పిల్లలు 'బట్' కూడ రాస్తరు. నేను కొట్టేస్త. మల్ల రాస్తరు.

'అన్‌లెస్' కాడికొచ్చేసరికి ఓపిక అయిపోతది. చెప్పి చెప్పి యాష్టకొచ్చి, అన్‌లెస్ అంటే ఇఫ్ నాట్, బట్టీ పట్టుమన్న.

పోయిన పసుపు సీజన్‌ల తొమ్మిదో తరగతి పిల్ల తల్లి బడికొచ్చింది. మార్కెట్ యార్డుల పసుపు కొమ్ములు, గడ్డలు వేరుచేసే పని ఆమెది. పని నడుమ లేచొచ్చినట్టుంది, మణికట్ల దాక పసుపే. దుబాయి పోయిన భర్త మూడేండ్లకు వస్తుండట, శంషాబాద్ పోవాలె, బిడ్డకు రెండు దినాలు సెలవియ్యమని అడిగింది. ఇంటికి సున్నం గూడ ఏయించిందట. తారీఖు అడిగితే తెల్వదన్నది. కంపెనీ పంపిన ఇంగ్లీషు మెసేజ్‌ను ఆయన ఇంటికి పంపితే, బిడ్డ చదివి చెప్పిందట. అది నమ్మి ఆయన అక్కడ పెట్టె సదురుకుంటున్నడు.

ఫోన్ తీసుకొని చదివిన. ఆయన జాగల ఇంకో మనిషి పనిల చేరితే తప్ప ఆయనను పంపం అని ఉన్నది.

పిల్లను పిలిచి, ఎట్ల చదివినవని అడిగిన. నా పాఠమే అప్పజెప్పింది. అన్‌లెస్‌ల ఒక నాట్, వాక్యంల ఇంకో నాట్. లెక్కలల్ల రెండు మైనస్‌లు ప్లస్ అయినట్టు, రెండూ కొట్టుకపోతయనుకున్నది. మిగిలింది చూసి, ఇంకో మనిషి చేరిండు, నాయనను పంపుతున్నరని చెప్పింది. పరీక్షల 'అన్‌లెస్ అంటే ఇఫ్ నాట్' అని రాస్తే, నేనే ఆమెకు పూర్తి మార్కులేసిన.

"ఇంకొకరు వచ్చేదాక పంపరటమ్మా" అన్న.

తల్లి ఫోన్ దిక్కే చూసింది. "అయితే రాడా మేడం?"

"వస్తడు. ఎప్పుడన్నది ఇందుల లేదు."

పిల్ల ఏడ్వబట్టింది. డ్రెస్సుకు పసుపు అంటుతదని తల్లి మోచేత్తోనే దగ్గరికి తీసుకున్నది. ఏమీ తిట్టలేదు. తప్పు నాదని చెప్దామనుకొని, రెండు కుర్చీలు దగ్గరికి జరిపిన.

ముగ్గురం కూసొని కంపెనీకి జవాబు రాసినం. కొత్త మనిషి ఎప్పుడు చేరుతడో చెప్పమని పిల్లతోనే రాయించిన. 'బికాజ్' తర్వాత ఏం రాయాలని పిల్ల అడిగితే, తల్లి "మూడేండ్లయింది అని రాయి బిడ్డా" అన్నది.

జవాబు రాలేదు. పిల్ల నాయన మాత్రం వానలు పడ్డంక, మక్కలు విత్తే దినాలల్ల వచ్చిండట.

ఇప్పుడు బట్టీ పట్టుమంటలేను. ఒక్కొక్కరిని లేపి, వాక్యానికి తెలుగుల అర్థం చెప్పిస్త. క్లాసుల ఇద్దరో ముగ్గురో సరిగ చెప్తరు. మిగిలినోళ్ల దాక వచ్చేసరికి గంట కొడ్తరు.