పలికేవాళ్ళు లేని పేరు

నేను నరసరావుపేటలో ప్రభుత్వ ప్లీడర్ని. కింది కోర్టులో సర్కారు ఓడిపోయిన సివిల్ దావాల మీద అప్పీళ్ళు నడపడం నా పని. కేసులో పస ఉందా అని నన్నెవరూ అడగరు. ఓడితే అప్పీలు వేయాలి, అంతే. వేశాక వివరాలు పంపమని నేను ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ ఉండదు. "ఆఫీసు నుంచి వివరాలు రాలేదండీ" అని వాయిదాలు అడిగీ అడిగీ నాకే విసుగొచ్చింది.

నాదెండ్ల వైపు ఒక రైతుది అలాంటి కేసే. తాతల నాటి నుంచి మిరప వేస్తున్న చేను రికార్డుల్లో సర్కారు భూమి అని పడింది. ఆయన కోర్టుకెక్కి గెలిచాడు. మేం అప్పీలు వేశాం. లాయరు ఉంటే చాలు, నువ్వు రానక్కర్లేదని ఎవరు చెప్పినా వినకుండా ప్రతి వాయిదాకూ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు పిలిస్తే భుజం మీది కండువా తీసి "ఉన్నానయ్యా" అనేవాడు.

ఈ ఏడు వేసవి సెలవుల తర్వాత కూతురు ఒక్కతే వచ్చింది. ఆమె లాయరు ఆ రోజు చిలకలూరిపేట కోర్టుకు పోయాడు. తెలిసిన మొహం కదా అని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నాన్న పోయాడు సారూ. ఇందాక కూడా ఆయన పేరే పిలిచారు. పలికేవాళ్ళు లేకపోతే చానా బాధేసింది. ఆ పేరు తీసేసి నా పేరు పెట్టండి."

అప్పీలులో అవతలి మనిషి చనిపోతే, గడువులోగా వారసుల పేర్లు చేర్చాల్సింది అప్పీలు వేసినవాళ్ళు. అంటే మేమే. చేర్చకపోతే అప్పీలు అక్కడితో ఆగిపోతుంది, చేను ఆమెకే మిగులుతుంది. ఆయన చావు సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె నోరు మెదపకుండా ఇంటికి పోయుంటే చాలు.

ముందు మీ లాయరుతో మాట్లాడమ్మా అనైనా అనొచ్చు. అనలేదు. సర్కారు ఉప్పు తింటున్నాను కదా.

"తోడబుట్టినవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

"నేనొక్కదాన్నే సారూ. చేను కూడా నేనే చేస్తన్నా."

పేరు రాసుకున్నాను. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

గడువు దాటకముందే పిటిషన్ వేశాను. తర్వాత ఆమె లాయరు క్యాంటీన్‌లో కనబడి, "ఏంది సార్, మా పార్టీని మాకన్నా మీరే బాగా చూసుకుంటన్నారు" అని ఎత్తిపొడిచాడు. ఇంటికెళ్ళి, నా డ్యూటీ నేను చేశాను, ఇందులో నా తప్పేముంది అన్నాను. "తప్పని ఎవరన్నారు?" అంది మా ఆవిడ.

తర్వాతి వాయిదాకు బంట్రోతు ఆమె పేరు పిలిచాడు. "ఉన్నానండీ" అని వరండాలోంచి గట్టిగా వినిపించింది. లోపలికి వచ్చి, జడ్జిగారికన్నా ముందు నావైపు చూసి నవ్వింది. ఆ కేసులో మాత్రం ఆఫీసు నుంచి వివరాలన్నీ వచ్చేశాయి. నేను లేచి, వాదనకు సిద్ధమేనండీ అన్నాను.