కుడివైపు జేబు

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా రోజులైంది. బల్ల నిండా స్కానర్, కంప్యూటర్, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, మెత్తటి బ్రష్షు, వాటి వెనక పెట్టెలకు పెట్టెలు పాత ఫోటో స్లైడులు. అట్ట చట్రంలో బిగించిన, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన ఫిల్ము ముక్కలవి. భార్యాభర్తలిద్దరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తింటున్నారు. ఇంటాయన జీవితమంతా కళ్లద్దాల దుకాణం నడిపి, ఈమధ్యే అది అమ్మేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ విశ్రాంతి చూస్తుంటే ఇంటావిడకు ఆయాసం వస్తోంది.

వయసులో ఉండగా ఆయనకు ఫోటోల పిచ్చి. స్లైడులు తీయించి, ప్రొజెక్టరుతో గోడ మీద వేసి, చుట్టాలను కూర్చోబెట్టి మరీ చూపించేవాడు. దీపాలు ఆర్పగానే సగం మంది వంటింట్లో పనుందని జారుకునేవారు. మిగతా సగం గురకపెట్టేవారు. ఆ గురకను ఆయన చాలాకాలం తన్మయత్వం అనుకున్నాడు. ఇప్పుడు అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లకు పంపితే ఎవరూ ఎక్కడికీ పారిపోలేరని ఆయన ఆలోచన.

పని చూడ్డానికి తేలికే. స్కానర్ అద్దం మీద గళ్ల చట్రం పెట్టి, పన్నెండు స్లైడులు పేర్చి, మూత వేసి మీట నొక్కాలి. మూతలో దీపం వెలుగుతుంది. స్కానర్ మూలుగుతూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పాకుతుంది. ఒక్కో వాయి దిగడానికి అరగంట పైనే పడుతుంది.

“ఇంకో వాయి వేశారా?” అని వంటింట్లోంచి భార్య అడుగుతుంది.

“వేశాను. మాడకుండా చూస్తున్నాను” అంటాడాయన.

స్కానర్‌తో పాటు వచ్చిన పుస్తకం మడత కూడా విప్పలేదు. అద్దాలతోనే కాపురం చేసినవాడికి అద్దం గురించి ఇంకొకడు చెప్పేదేమిటి? ప్రొజెక్టరు రోజుల అలవాటు కొద్దీ స్లైడు మసక వైపు కిందికి, నునుపు వైపు పైకి పెట్టుకుంటూ పోయాడు. ఓ రోజు తెర మీదికి పెళ్లయిన కొత్తలో తీసిన ఫోటో వచ్చింది.

“అప్పట్లో నీ ముఖం కాస్త వేరేగా ఉండేదోయ్” అన్నాడు.

“అప్పట్లో మీ కళ్లూ వేరేగా ఉండేవి” అంది ఆవిడ.

నాలుగో పెట్టెలో నిధి దొరికింది.

ఎప్పుడో తమ పడుచుతనంలో ఆయన, భార్య, అక్క, బావ కలిసి సముద్రపు ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ చూడ్డానికి కారులో బయల్దేరారు. దారి రెండుగా చీలిన చోట ఆయన కుడి అన్నాడు, అక్క ఎడమ అంది. కారు ఏదో ఒక దారిన పోయి ఇసుకలో సగం చక్రాల దాకా దిగబడింది. లైట్‌హౌస్ చూడకుండానే వెనక్కి వచ్చారు. అక్కడిదాకా అందరిదీ ఒకే కథ. దిగబడింది ఏ దారిలో అన్నదే తగువు. అక్క మాట విని ఎడమకు పోయామని తమ్ముడు, తమ్ముడి మాట విని కుడికి పోయామని అక్క. కారు నడిపిన బావను అడిగితే, “నేను స్టీరింగ్ పట్టుకున్నాను గానీ ఎవరి పక్షమూ పట్టుకోలేదు” అనేవాడు. అక్కాతమ్ముళ్లు ఎప్పుడు కలిసినా ఆ తగువు ఎత్తకుండా లేచింది లేదు.

ఇదిగో, చీలిక దగ్గర నిలబడి తాను తీసిన ఫోటో. ముందు బావ నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. ఆయన వెనక రెండు దారులు. ఎడమ దారిలో ఇసుకలో కూరుకున్న కారు, దాని బానెట్ మీద మూతి ముడుచుకుని అక్క.

ఆయన కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. “సాక్ష్యం దొరికింది. ఎడమే. ఇక ఎవరూ మాట్లాడక్కర్లేదు” అని రాసి చుట్టాలందరికీ పంపాడు. మనసాగక అక్కకు విడిగా ఇంకోసారి పంపాడు. అదీ చాలక కారు చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి మూడోసారి పంపాడు.

జవాబుగా అక్క బావను వెంటబెట్టుకుని తిన్నగా ఇంటికే వచ్చింది.

“ఒరేయ్, ఆ ఫోటో పెద్దది చెయ్యి. మీ బావ జేబు చూడు.”

“జేబుతో పనేంటక్కా? కారు చూడు.”

“కారెక్కడికీ పోదులే, ఇసుకలో ఉంది. జేబు చూడు.”

చూశాడు. చొక్కా జేబు కుడివైపుంది. అందులో పెన్ను కూడా ఉంది.

“మీ బావ ఎప్పుడైనా కుడివైపు జేబున్న చొక్కా తొడిగాడా? నా వాచీ చూడు. కుడిచేతికి పెట్టుకోవడం ఎప్పుడైనా చూశావా నువ్వు?”

ఆయన ముందు కెమెరాను అనుమానించాడు. తర్వాత ఫిల్మును, ఆ తర్వాత బావగారి దర్జీని. అనుమానించడానికి ఇంకెవరూ మిగలనప్పుడు స్కానర్ పుస్తకం విప్పాడు. మొదటి పేజీలోనే చంటిపిల్లలకు కూడా అర్థమయ్యేలా బొమ్మ వేసి ఉంది: నునుపు వైపు కిందికి. అంటే ఇన్నాళ్లూ దించిన వాయిలన్నీ కుడిఎడమలు తిరగబడ్డవే. నాలుగు పెట్టెల చుట్టాలూ ఎడమచేతి వాటం వాళ్లైపోయారు.

“కుడికన్ను మూయండి, ఎడమకన్ను మూయండి అని ఊరందరికీ చెప్పాను కదే! మూసుకోవాల్సింది నేను” అని నెత్తి కొట్టుకున్నాడు.

“అయితే అప్పట్లోనూ నా ముఖం నాదేనన్నమాట” అంది భార్య.

అక్క పక్కన కూర్చుని చెబుతుంటే ఆయన అక్షరం పొల్లుపోకుండా రాశాడు: “కుడి దారే. తప్పు నాదే. జేబు సాక్షి.” చుట్టాలనుంచి నవ్వులే నవ్వులు. ఆయన స్లైడు షో చూస్తూ ఒక్కరు కూడా నిద్రపోకపోవడం అదే మొదలు.

మర్నాటి నుంచి మొదటి పెట్టె మొదటి స్లైడుతో పని మళ్లీ మొదలైంది. “నీ మీద నమ్మకం లేదురా” అంటూ అక్క మధ్యాహ్నాలు వచ్చి ఎదురుగా కూర్చునేది. ఆవిడ దుమ్ము ఊదడం, ఆయన పేర్చడం. రెండు పెట్టెలు పూర్తయ్యాక ఇంటావిడ మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చి తెర వైపు వంగింది.

“ఈ మూల రెండు ముక్కోణాలు ఎదురెదురుగా ఉన్నాయేంటండీ?” అని దాని మీద నొక్కింది. తెర మీది ఫోటో చటుక్కున అటుది ఇటైంది. మళ్లీ నొక్కింది, ఇటుది అటైంది.

ఆయన పేర్చబోతున్న స్లైడును మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

“ముందే చెప్పొచ్చు కదా?” అన్నాడాయన నీరసంగా.

“ముందే అడగొచ్చు కదా?” అంది ఆవిడ.

మిగతా రెండు పెట్టెలూ ఆ మీటతోనే ఒక పూటలో సరైపోయాయి. ఐదో పెట్టె తెరిచేసరికి బావ కూడా వచ్చి కూర్చున్నాడు. అందులో అదే ప్రయాణం తాలూకు ఇంకొన్ని స్లైడులున్నాయి, దారి చీలిక ఇంకా రాకముందు తీసినవి. ఒక దాంట్లో బావ రోడ్డు పక్క ఏదో పలకకు ఆనుకుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు. అక్క పెద్దది చెయ్యమంది. పలక మీద నిలువెత్తు అక్షరాలు: లైట్‌హౌస్. కింద, పక్క సందు వైపు బాణం గుర్తు.

కుడీ కాదు, ఎడమా కాదు. అసలు దారి వెనకే వదిలేసి వచ్చారు.

“ఏమండీ, మీరు ఆనుకున్నది దేనికి?” అంది అక్క.

“నీడ బాగుందని ఆనుకున్నానే. దాని మీద ఏముందో ఎవడు చూశాడు?” అన్నాడు బావ. అని ఊరుకోక, “ఫోటో తీసినవాడు చూడొద్దూ?” అన్నాడు.

కళ్లద్దాలాయన తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు. అక్షరాలు నిండుగా పడాలని, బావను రెండడుగులు పక్కకు జరిపింది తనేనని గుర్తొచ్చింది. ఇక దాచి లాభం లేదని ఆ మాటా చెప్పేశాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

“నేను చదివాను” అంది ఇంటావిడ.

ముగ్గురూ ఒక్కసారే తలలు తిప్పారు.

“మరి చెప్పలేదేం?”

“అన్నీ తెలిసినవాళ్లు ముగ్గురున్నారు కదా అని ఊరుకున్నాను.”

ఆ ఫోటో ఎవరికీ పంపకూడదని అక్క, తమ్ముడు, బావ అక్కడికక్కడే ఒక మాట అనుకున్నారు. అన్నేళ్లలో వాళ్లు ముగ్గురూ ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి. సాయంత్రమయ్యేసరికి చుట్టాలందరి ఫోన్లలోనూ ఆ ఫోటో ఉంది. పలక చుట్టూ ఎర్రటి సున్నా కూడా చుట్టి పంపింది ఇంటావిడ.